మొహమాటం ఇంట్లో వదిలి విమానమెక్కండి

మనవాళ్లలో ఒకరికి విదేశం వెళ్లే అవకాశం వచ్చిందంటే ఇల్లంతా ఒకటే హడావుడి. అమ్మ మామిడికాయ తొక్కు పెడుతుంది. మేనత్త సకినాలు చేసి డబ్బాలో సర్దుతుంది. నాన్న రెండు సూట్‌కేసులు కొని, ఒక్కొక్కటి 23 కిలోలు దాటకుండా పక్క కిరాణా దుకాణంలో కాంటా పెట్టి మరీ చూసుకుంటాడు. స్వెటర్లు, కుక్కర్, జ్వరం గోలీలు, దేవుడి పటం అన్నీ చేరతాయి. ఇంత హడావుడిలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. "నువ్వు అక్కడ వేరేవాళ్ల ఇంట్ల ఉంటవ్ కదా బిడ్డా, రాత్రి పదింటికి ఆకలైతే ఏం జేస్తవ్?"

చిన్న ప్రశ్నే. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలను అడిగి చూడండి. చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఏం జేస్తం, నీళ్లు తాగి పండుకుంటం." ఎందుకు? అడిగితే ఏమనుకుంటరో అని. అదే మన మొహమాటం. విదేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉండబోయే విద్యార్థికి ఇంగ్లిష్ కంటే, చలి కంటే, తిండి కంటే పెద్ద అడ్డంకి ఈ మొహమాటమే అని నా అభిప్రాయం. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు మీకు అడ్డం పడేది కూడా ఇదే. అందుకే విదేశం వెళ్లే ఆలోచన లేనివాళ్లు కూడా ఇది చివరిదాకా చదవండి.

ఎవరి ఇంట్లో, ఏ లెక్కన?

ముందు ఒక స్పష్టత కావాలి. 'హోస్ట్ ఫ్యామిలీ' అంటే మనకు ఆతిథ్యం ఇచ్చే కుటుంబం. ఇందులో మూడు రకాలున్నాయి. మూడింటి లెక్కలూ వేరు.

మొదటిది, డబ్బు తీసుకోకుండా ఇష్టంతో ఇంట్లో పెట్టుకునే కుటుంబం. దీనికి మంచి ఉదాహరణ కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ కార్యక్రమం. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, దేశాల మధ్య పెరిగిన అపనమ్మకాన్ని తగ్గించాలని 2002లో అమెరికా ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. హైస్కూల్ వయసు పిల్లలు ఒక విద్యా సంవత్సరం పాటు అమెరికన్ కుటుంబంతో ఉంటూ అక్కడి బడిలో చదువుతారు. విమాన ఛార్జీలు, బీమా, నెలకు కొంత చేతి ఖర్చు కార్యక్రమమే ఇస్తుంది. మన దేశంలో దీన్ని నడిపించే ఏఎఫ్ఎస్ సంస్థ చరిత్ర కూడా తెలుసుకోదగ్గదే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, గాయపడ్డ సైనికులను ఆస్పత్రులకు చేర్చిన అంబులెన్స్ వాలంటీర్లతో మొదలైన సంస్థ అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 నుంచి, విద్యార్థులను ఒక దేశపు ఇళ్ల నుంచి ఇంకో దేశపు ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. యుద్ధం చూసినవాళ్లు శాంతికి దారి వంటింట్లో వెతికారన్నమాట. మన తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా ఈ కార్యక్రమానికి ఎంపికై అమెరికా వెళ్లొచ్చారు. రోటరీ క్లబ్బుల యూత్ ఎక్స్ఛేంజ్ 15 నుంచి 19 ఏళ్ల వారికి ఉంది. మీకు ఆ వయసు దాటిపోయి ఉంటే ఇంటర్ చదివే తమ్ముడికో చెల్లెలికో చెప్పండి. 18 దాటినవారి కోసం అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఏడాదిలోపు చదివించే కార్యక్రమం ఒకటుంది. దాని వివరాలు, ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో మీరే చూడాలి. కన్సల్టెన్సీ చెప్పింది వినడం కాదు.

రెండోది, కిరాయి తీసుకుని గది, భోజనం ఇచ్చే ఇల్లు. బ్రిటన్, ఐర్లాండ్, కెనడా, ఆస్ట్రేలియాల్లో దీన్ని హోమ్‌స్టే అంటారు. యూనివర్సిటీలు కొన్ని తామే ఇలాంటి ఇళ్లను చూపిస్తాయి. మొదటి నాలుగు వారాలకు తీసుకుని, తర్వాత వేరే గది చూసుకునేవారు చాలామంది.

మూడోది, జర్మనీ వంటి దేశాల్లో ఉన్న ఓ-పేర్ పద్ధతి. కుటుంబంతో ఉంటూ పిల్లలను చూసుకోవాలి, చిన్నచిన్న ఇంటి పనుల్లో సాయపడాలి, భాష నేర్చుకోవాలి. జర్మనీలో దరఖాస్తు చేసేనాటికి 27 ఏళ్లు నిండకూడదు, కనీసం ఏ1 స్థాయి జర్మన్ రావాలి, వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, నెలకు 280 యూరోల చేతి ఖర్చు ఇవ్వాలి, ఏడాదికి మించి ఉండరాదు. ఇది ఉద్యోగం కాదు. 'జర్మనీలో జాబ్' అని చెప్పి దీనికి లక్షలు అడిగేవాళ్లుంటే అక్కడే లేచి వచ్చేయండి.

గుంపుగా వెళ్లడం మనకు తెలుసు

ఊరు విడిచి పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట లేచినా అందులో పాలమూరు కూలీ చెమట ఉందని గర్వంగానూ బాధగానూ చెప్పుకుంటాం. నల్లగొండ నేతన్నలు బతుకుదెరువు కోసం భీవండి, సూరత్, షోలాపూర్ పోయారు. వాళ్లంతా ఒంటరిగా పోలేదు. మేస్త్రీ వెంట గుంపుగా పోయారు, ఒకే చోట గుడిసెలు వేసుకున్నారు, ఒకే పొయ్యి మీద వండుకున్నారు. భాష రాని చోట అదే వాళ్లకు రక్ష.

ఇవాళ డల్లాస్‌కో, మెల్‌బోర్న్‌కో పోయే మన పిల్లలదీ అదే దారి. వాట్సాప్ గ్రూపులో రూమ్‌మేట్లు ముందే కుదురుతారు. ఒక ఫ్లాట్‌లో ఐదారుగురు తెలుగువాళ్లు. పప్పు, చారు, తెలుగు సినిమా. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, ఖర్చు తగ్గుతుంది, ధైర్యంగా ఉంటుంది. అయితే ఏడాది తిరిగాక చూసుకుంటే స్నేహాలన్నీ ఆ ఫ్లాట్‌లోనివే, మాటలన్నీ తెలుగులోనే. క్లాసులో వినే ఇంగ్లిష్ తప్ప బతికే ఇంగ్లిష్ రాలేదు. పార్ట్‌టైమ్ పని గురించైనా, ఇంటర్న్‌షిప్ గురించైనా తెలిసే సమాచారం అదే గుంపులో తిరిగే సమాచారమే.

ఒక కుటుంబంతో ఉండటం దీనికి పూర్తిగా వేరు. అక్కడ మేస్త్రీ లేడు, గుంపు లేదు. పొద్దున లేచింది మొదలు మీ అవసరం మీరే చెప్పుకోవాలి. అందుకే కష్టం. అందుకే అంత లాభం. కనీసం మొదటి నెల అయినా ఇలా ఉండే వీలుంటే వదులుకోవద్దంటాను.

మూడోసారి అడగరు

మన ఇళ్లలో ఒక ఆచారం ఉంది. చుట్టం వస్తే "అన్నం తినండి" అంటాం. చుట్టం "వద్దు వద్దు, ఇప్పుడే తినొచ్చిన" అంటాడు. మళ్లీ అడుగుతాం. మళ్లీ వద్దంటాడు. మూడోసారి కంచం ముందు పెడితే కూర్చుంటాడు. ఇద్దరికీ ఆ ఆట తెలుసు. మొదటిసారే "సరే, పెట్టండి" అంటే ఆశపోతు అనుకుంటాం.

అమెరికాలోనో జర్మనీలోనో ఆ ఆట ఉండదు. ఒకసారి అడుగుతారు. మీరు 'నో థాంక్స్' అంటే నిజంగానే వద్దనుకుని గిన్నె పక్కకు జరుపుతారు. అందులో కోపం లేదు, చిన్నచూపు లేదు. మీ మాటకు విలువ ఇచ్చారు, అంతే. మీరేమో గదిలోకి వెళ్లి "వీళ్లకు ప్రేమ లేదు" అని అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తారు. రెండు వైపులా మంచివాళ్లే ఉండి కూడా మనసులు ఇలాగే దూరమవుతాయి.

కాబట్టి మొదటి పాఠం: కావాలంటే కావాలనండి. వద్దంటే వద్దనండి. ఇష్టం లేనిదాన్ని నవ్వుతూ తిని, రాత్రి కడుపు నొప్పితో పడుకోవద్దు. శాకాహారులైతే, గొడ్డుమాంసం గానీ పందిమాంసం గానీ తినని వారైతే ఆ మాట దరఖాస్తు ఫారంలోనే రాయండి. వెళ్లాక చెబితే వాళ్లు నెల సరుకులు తెచ్చుకున్న తర్వాత చెప్పినట్టవుతుంది. 'వెజిటేరియన్' అంటే గుడ్డు, చేప తింటారా లేదా అన్నది కూడా విడమరిచి రాయండి. ఆ మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం ఉంది.

రెండో పాఠం: అర్థం కాకపోతే తల ఊపకండి. మన దగ్గర పెద్దవాళ్లు చెబుతుంటే తల ఊపడం మర్యాద. అక్కడ తల ఊపితే అర్థమైందని లెక్క. తలుపు తాళం ఎలా వేయాలో, వేడినీళ్ల మీట ఎటు తిప్పాలో చెప్పినప్పుడు అర్థం కాకుండానే తల ఊపితే ఆ రాత్రి మీరో, మీ వల్ల వాళ్లో బయట నిలబడాల్సి వస్తుంది. "సారీ, ఇంకోసారి మెల్లగా చెబుతారా?" అనడంలో పరువు పోయేదేం లేదు.

పరిచయ లేఖ బయోడేటా కాదు

చాలా కార్యక్రమాల్లో ఆతిథ్యమిచ్చే కుటుంబానికి మీరొక పరిచయ లేఖ రాయాలి. మనవాళ్లు అందులో టెన్త్ మార్కులు, ఎన్‌సీసీ సర్టిఫికెట్లు, "కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు" అని నింపుతారు. ఆ ఇంటివాళ్లకు కావాల్సింది అది కాదు. వీళ్లు మా ఇంట్లో ఇమడగలరా, మా పిల్లలతో కలిసి కూర్చుంటారా, కుక్కకు భయపడతారా అన్నది వాళ్లకు కావాలి.

"మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్న వరి పండిస్తాడు. ఇంట్లో నలుగురం. సాయంత్రం బర్రెకు గడ్డి వేయడం నా పని. నాకు జొన్నరొట్టె చేయడం వచ్చు, మీకు చేసి పెడతాను. కుక్కలంటే కొంచెం భయం, కానీ అలవాటు చేసుకుంటాను. ఆదివారం పొద్దున మా అమ్మతో మాట్లాడాలి, ఆ ఒక్క గంట నాకు కావాలి." ఇలా రాసి చూడండి. ఈ లేఖ చదివిన ఇంటికి మీరు వెళ్లకముందే తెలిసిన మనిషి అవుతారు. నాన్న కూలి అయితే కూలి అనే రాయండి. దాచిపెట్టి 'అగ్రికల్చర్ బిజినెస్' అని రాస్తే తర్వాత ప్రతి మాటకూ ఒక అబద్ధం జోడించుకోవాలి.

ఉద్యోగ దరఖాస్తుకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పే పిల్లలు వేలల్లో ఉంటారు. తన ఊరిని, తన ఇంటిని, తాను చేసిన ఒక పనిని ఉన్నదున్నట్టు చెప్పగలిగిన వారు కొందరే. ఆ కొందరే గుర్తుంటారు.

గిన్నె కడగని అబ్బాయి

ఇది ముఖ్యంగా అబ్బాయిలకు. మన ఇళ్లలో తిన్న కంచం అక్కడే వదిలి లేచిపోతే అమ్మో చెల్లో తీస్తుంది. అక్కడ ఇంటి యజమాని, అతను డాక్టరైనా ఇంజినీరైనా, తన గిన్నె తాను కడుక్కుంటాడు, చెత్త బయట పెడతాడు, మంచు పడితే వాకిలి ఊడుస్తాడు. మీరు మాత్రం కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తుంటే వాళ్లు నోరు తెరిచి అనరు గానీ, మనసులో మీ లెక్క తేలిపోతుంది. హోస్ట్ ఫ్యామిలీ మిమ్మల్ని తీసుకునేది హోటల్ గెస్టుగా కాదు, ఇంట్లో ఒకరిగా. ఇంట్లో ఒకరంటే పనిలోనూ ఒకరే.

చేరిన మొదటి రెండు రోజుల్లోనే కూర్చుని కొన్ని విషయాలు అడిగి తెలుసుకోండి. మిమ్మల్ని ఏమని పిలవాలి? మనకు అత్త, పిన్ని, అంకుల్ అని వరస కలపడం అలవాటు. అక్కడ చాలా ఇళ్లలో పేరు పెట్టి పిలవమంటారు, అలాగే పిలవండి, అమర్యాద కాదు. ఫ్రిజ్‌లో ఏవి అడగకుండా తీసుకోవచ్చు? బట్టలు ఏ రోజు ఉతుక్కోవాలి? స్నానానికి ఎవరికి ఏ టైం? రాత్రి ఎన్నింటిలోపు ఇంటికి రావాలి? స్నేహితులను తీసుకురావచ్చా? వైఫై ఎన్నింటి దాకా? ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని పోయినా తప్పులేదు. స్నానాల గది నేల తడిగా వదలకండి. మన బాత్‌రూముల్లో నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉంటుంది, అక్కడ చాలా ఇళ్లలో ఉండదు. బకెట్ స్నానం అలవాటున్నవాళ్లు ఈ ఒక్క సంగతి మరిచి కింది గది పైకప్పు తడిపేస్తారు.

ఇంటికి ఫోన్ చేయడానికీ ఒక పద్ధతి పెట్టుకోండి. డల్లాస్, చికాగో వంటి చోట్లకూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. అమ్మకు పొద్దున అయినప్పుడు మీకు రాత్రి. రోజూ రెండు గంటలు వీడియో కాల్‌లో ఉంటే మీ శరీరమే అక్కడ, మనసు ఇక్కడే. వారానికి రెండుసార్లు, చెప్పిన టైంకు చేయండి. ఈ మాట వెళ్లకముందే ఇంట్లో ఒప్పించండి, లేకపోతే ఒక్కరోజు ఫోన్ రాకున్నా అమ్మ అన్నం మానేస్తుంది.

తెలుగు మీడియం పిల్లల భయం

"మాది తెలుగు మీడియం సార్, వాళ్ల యాస అర్థమే కాదు" అనే మాట మన రెండు జిల్లాల్లో చాలా వినిపిస్తుంది. యాస మొదటి రెండు వారాలు నిజంగానే అర్థం కాదు, ఇంగ్లిష్ మీడియం వాళ్లకూ కాదు. కానీ ఇంట్లో వాడే భాష చాలా చిన్నది. ఆకలి, నిద్ర, జబ్బు, దారి, టైం, సాయం, క్షమాపణ, కృతజ్ఞత. వీటికి నలభై, యాభై వాక్యాలు నోటికి వస్తే చాలు. గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి ఆ యాభై వాక్యాలు మీరే రాసుకోండి, హాస్టల్ గదిలో గట్టిగా చదవండి. "నాకు ఒంట్లో బాగాలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి" అన్నది ఇంగ్లిష్‌లో తడబడకుండా చెప్పగలగడం ఒక సెమిస్టర్ ఇంగ్లిష్ పేపర్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకొకటి. వాళ్లు "మీ ఊరి గురించి చెప్పు" అంటారు. అప్పుడు "నథింగ్ స్పెషల్" అని తల దించుకోకండి. నల్లగొండ పేరు ప్రపంచంలోని తాగునీటి ఇంజినీర్లకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది. దానికి పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. తూర్పు ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడి చూశారు. మన పల్లెల్లో వంకరపోయిన కాళ్ల వెనక ఉన్న కథ అది. ఆ బాధ, ఆ పోరాటం, ఆ శాస్త్రం మూడూ కలిపి పది నిమిషాలు చెప్పగలిగితే ఏ ఇంటి భోజనాల బల్ల దగ్గరైనా మిమ్మల్ని శ్రద్ధగా వింటారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైందని చెప్పండి. పాలమూరు పిల్లలమర్రి గురించి, ఒక్క చెట్టే ఊడలు దిగి తోటలా పరుచుకున్న సంగతి చెప్పండి.

బహుమతిగా ఖరీదైనవి అక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్ చేతిరుమాలో, నారాయణపేట చేనేత గుడ్డో చాలు. దాన్ని ఎలా నేస్తారో తెలుసుకుని పోండి. తినేవి తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త. యూరప్ దేశాల్లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు. అమెరికాలోనూ మాంసం పచ్చళ్లతో ఇబ్బందే. ఆస్ట్రేలియాలో ప్రతి తినుబండారం ఫారంలో రాసి చూపించాలి, దాచితే జరిమానా. నాటుకోడి పచ్చడి ఇంట్లోనే ఉంచి, పల్లి పొడి, కారప్పొడి పట్టుకెళ్లండి, అవి కూడా ఫారంలో రాసి.

మొహమాటం ప్రమాదమయ్యేది ఇక్కడ

ఇంతవరకు చెప్పినవి ఇబ్బందులే. ఇప్పుడు చెప్పేది భద్రత. ఎక్కువ కుటుంబాలు మంచివే అయినా, అన్నీ మంచివే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అమెరికా హైస్కూల్ ఎక్స్ఛేంజ్ నిబంధనల్లో ఇందుకోసమే కొన్ని కట్టుబాట్లున్నాయి. ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేర చరిత్రను ముందే తనిఖీ చేయాలి, ఇంటికి వెళ్లి చూడాలి. పిల్లలను పంపిన తర్వాత స్థానిక కోఆర్డినేటర్ నెలకోసారి విద్యార్థితో మాట్లాడాలి. ఆ మాట్లాడే రోజు "అంతా బాగుంది మేడమ్" అని మొహమాటపడితే ఈ కట్టుబాట్లన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి.

గదికి గొళ్లెం లేకపోయినా, ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, తాకినా, తిండి సరిగా పెట్టకపోయినా, పాస్‌పోర్ట్ మా దగ్గర ఉంచు అన్నా వెంటనే చెప్పాలి. ఇల్లు మార్చమని అడగడం మీ హక్కు. అది అవమానం కాదు, ఆ కుటుంబం మీద పగ కూడా కాదు. కోఆర్డినేటర్ వినకపోతే కార్యక్రమం నడిపే సంస్థ ఆఫీసుకు, అక్కడా కాకపోతే భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అత్యవసర నంబర్లు అమెరికాలో 911, యూరప్‌లో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. వీటిని ఫోన్‌లోనే గాక బుర్రలోనూ పెట్టుకోండి. కిరాయి హోమ్‌స్టే అయితే యూనివర్సిటీ చూపించిన జాబితాలోనిదే తీసుకోండి. ఫొటోలు చూసి ఎవరి ఖాతాలోకో అడ్వాన్స్ పంపకండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఆడపిల్ల ఫోన్ చేసి "ఇక్కడ నాకు మంచిగ లేదు" అంటే, "సర్దుకపో బిడ్డా, మళ్లీ ఛాన్స్ రాదు" అనకండి. ఆ ఒక్క మాటతో ఆమె ఇక మీకేమీ చెప్పదు.

ఖర్చు మాటేంటి?

"ఉద్యోగమే లేదు, ఈ విదేశాల ముచ్చట మాకెందుకు?" అనే ప్రశ్న న్యాయమైనదే. ఎకరం కుదువ పెట్టి పిల్లలను పంపిన ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. కాబట్టి లెక్క సూటిగా చెప్పుకుందాం. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలు వలసకు దారి కావు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో జె-1 వీసా మీద వెళ్లినవారు సాధారణంగా తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఆ తర్వాతే అక్కడ ఉద్యోగ వీసాకో, గ్రీన్ కార్డుకో అర్హత. అక్కడే ఉండిపోదాం అనుకునేవారు వీటి జోలికి పోకపోవడమే మేలు. పై చదువుకు వెళ్లాలంటే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట రూ.20 లక్షల దాకా సాయం అందించేవి అవి. అర్హతలు, గడువులు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉచితంగా దొరికే సలహాకు హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రం ఉంది. అడుగు బయట పెట్టకముందే లక్ష రూపాయలు కన్సల్టెన్సీకి కట్టాల్సిన పనిలేదు.

పాస్‌పోర్ట్‌కు రూ.1,500 ఫీజు. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి. అవకాశం వచ్చాక పాస్‌పోర్ట్ చేయించుకుందాం అనుకుంటే గడువు దాటిపోతుంది. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ముందు అది సరిచేయించండి. మన దగ్గర చాలామంది ఆగిపోయేది ఇంటిపేరు స్పెల్లింగ్ దగ్గరే.

సాధన ఇక్కడే మొదలవ్వాలి

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ గురుకుల పిల్లలు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. వాళ్లు తొలి పాఠాలు నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు, అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి బండ మీద. ఎంత దూరం పోవాల్సిన వారికైనా మొదటి సాధన దగ్గర్లోనే దొరుకుతుందనడానికి ఇంతకంటే మంచి రుజువు మన జిల్లాలో ఇంకేం కావాలి?

ఇంటివాళ్లు కానివాళ్ల ఇంట్లో ఉండటానికీ ఇలాంటి బండ ఒకటి కావాలి. ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ కింద తెలంగాణకు జోడీ రాష్ట్రం హర్యానా. అదే వరుసలో 2023లో మొదలైన యువ సంగమ్ 18 నుంచి 30 ఏళ్ల వారిని వేరే రాష్ట్రాలకు పంపుతుంది. దానికి దరఖాస్తు చేయండి. అది రాకపోతే దేవరకొండ పిల్ల నారాయణపేటలో ఉన్న క్లాస్‌మేట్ ఇంట్లో వారం రోజులు ఉండి రావచ్చు. వేరే కులం, వేరే మతం ఇల్లయితే ఇంకా మంచిది. మన ఊళ్లోనే ఇంకో ఇంటి వంట తిననివాళ్లం, ఇంకో ఇంటి గడప దాటనివాళ్లం వేల మైళ్ల అవతలి ఇంట్లో ఇమడగలమా? ఈ ప్రశ్న మీరే వేసుకోండి.

కాలేజీలకూ బాధ్యత ఉంది. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ఈ రెండింటి పరిధిలోని కాలేజీల నోటీసు బోర్డుల మీద ఫీజు గడువులు కనిపించినంత స్పష్టంగా ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల గడువులు కనిపించాలి. వెళ్లొచ్చిన గురుకుల పిల్లలను పిలిచి రెండు గంటలు మాట్లాడించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ఇది అడగండి. ఆ అడగడమే మీ మొదటి సాధన.

ఈ వారం చేయాల్సినవి మూడే. పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు పెట్టండి. ఇంట్లో మీ కంచం మీరు కడగడం మొదలుపెట్టండి, రెండు కూరలు వండటం నేర్చుకోండి. రోజుకు ఒకసారి, అడగడానికి సిగ్గేసే ఒక ప్రశ్నను ఎవరినైనా అడగండి: బస్సులో కండక్టర్‌ను, బ్యాంకులో క్లర్కును, క్లాసులో లెక్చరర్‌ను. మూడు నెలలు ఇలా చేసినవారికి విదేశీ కుటుంబం ముందు కూర్చున్నా, ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నా గొంతు పెగలకపోవడం ఉండదు. వీసా వచ్చినా రాకపోయినా ఆ గొంతు మీదే.